వంటింటి పొగయు గుండెబరువును

1959వ సంవత్సరమున ‘సర్క్యులేషన్’ అను అమెరికా హృదయవైద్య పత్రికలో ఢిల్లీనుండి ఒక వ్యాసము వెలువడెను. దానిని వ్రాసినవారు డాక్టర్ ఎస్. పద్మావతి, డాక్టర్ ఎస్. ఎన్. పాఠక్. ఊపిరితిత్తులు ఏండ్ల తరబడి చెడియుండుటచేత గుండె కుడిభాగము బరువు మోయజాలక ఉబ్బి, అలసి, కడకు చతికిలబడు రోగమును గూర్చిన వ్యాసమది. ఆ రోగము పొగత్రాగు మగవారిదనియు, గనులలోను కర్మాగారములలోను దుమ్ము పీల్చు కార్మికులదనియు పాశ్చాత్య వైద్యగ్రంథములు అప్పటికి చెప్పుచుండగా, ఢిల్లీలో ఆ జబ్బుతో ఆసుపత్రికి వచ్చినవారిలో ఆడవారు మగవారితో ఇంచుమించు సమానముగా ఉండుటయు, వారికి మగవారికంటె చిన్నవయస్సుననే జబ్బు ముదురుటయు, వారిలో పలువురు బీడీగాని సిగరెట్టుగాని నోట పెట్టి యెరుగనివారగుటయు ఆ వైద్యులను ఆలోచింపజేసెను. ఈ స్త్రీల ఊపిరితిత్తులను చెరచినదేది? సమాధానము వారి వంటిండ్లలో దొరకెను. కట్టెలు, పిడకలు, గాలి వెలుతురు చొరని గది, పుట్టింట చిన్ననాడు మొదలై అత్తవారింట ముసలితనము దాక పొయ్యి ముందు గడచిన జీవితము.

పద్మావతిగారు 1917లో బర్మాలో జన్మించి, మన దేశమున తొలి మహిళా హృదయవైద్యురాలుగా ప్రసిద్ధి చెంది, 2020లో నూటమూడేండ్ల వయస్సున కన్నుమూసిరి. హృదయవైద్యమున వారు నెలకొల్పిన సంస్థలను గూర్చి, పొందిన బిరుదములను గూర్చి పత్రికలు వ్రాసినవి గాని, ఈ వంటింటి పొగ సంగతి సామాన్యపాఠకునకు చేరవలసినంతగా చేరలేదని నా అభిప్రాయము. చేరియుండిన, రెండు పొరపాటు తలంపులు మన ఇండ్లలో ఇన్నాళ్ళు నిలిచి యుండెడివి కావు. ఊపిరితిత్తుల జబ్బు వేరు, గుండెజబ్బు వేరు అనునది మొదటిది. అలవాట్లవలన వచ్చు జబ్బు ఆ అలవాటు గలవానికే వచ్చుననునది రెండవది. ఒక ఇంటి జీవనవిధానము ఆ ఇంటివారందరి రొమ్ములలోను వ్రాయబడుచుండును. ఒకరు కాల్చిన చుట్టకు, ఒకరు మార్చని పొయ్యికి, ఒకరు తగ్గింపనీయని ఉప్పుకు మరియొకరు మూల్యము చెల్లింతురు.

మొదటి పొరపాటు తొలగుటకు దేహనిర్మాణమును కొంచెము తెలిసికొనవలయును. గుండె ఒక్కటియే యైనను దాని వ్యాపారములు రెండు. దేహమంతయు తిరిగి వచ్చిన నల్లనెత్తురును కుడి జఠరిక ఊపిరితిత్తులకు పంపును. అచట ప్రాణవాయువును గ్రహించి ఎర్రబడి వచ్చిన దానిని ఎడమ జఠరిక ఆపాదమస్తకము ప్రసరింపజేయును. రెండవ శతాబ్దమున గేలెన్ అను వైద్యుడు గుండె నడిమిగోడలో కంటికి కనబడని రంధ్రములున్నవనియు, రక్తము వానిగుండా కుడినుండి ఎడమకు ఊరుననియు చెప్పగా, వైద్యలోకము పదునాలుగు వందల యేండ్లు దానినే నమ్మినది. అట్టి రంధ్రములు లేవనియు, రక్తము ఊపిరితిత్తుల మార్గముననే పోవలయుననియు కైరోలో ఇబ్న్ అల్ నఫీస్ పదుమూడవ శతాబ్దముననే వ్రాసెను గాని ఆ మాట ఐరోపాకు వినబడలేదు. 1628లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వీ ఒక్క సామాన్యగణితముతో ఆ చర్చను ముగించెను: గుండె ఒక్కొక్క కొట్టుకు పంపు రక్తమును అరగంటలోని కొట్టుల సంఖ్యతో హెచ్చించిన వచ్చు మొత్తము, దేహమందున్న రక్తమంతటికంటె ఎక్కువ, కావున రక్తము క్షణక్షణము క్రొత్తగా పుట్టుచు నశించుచు ఉండుట అసంభవము, అది వలయాకారముగా తిరుగుచునే యుండవలయును. ధమనులనుండి సిరలకు అది చేరు సన్నని దారులు మాత్రము హార్వీకి కనబడలేదు. ఆయన గతించిన నాలుగేండ్లకు, 1661లో, ఇటలీ దేశీయుడు మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినితో పరీక్షించి రక్తకేశనాళికలను చూచెను. రెండు అవయవముల చరిత్ర ఒక్క చోటనే, అది కూడ ఊపిరితిత్తియందే, ముడిపడుట గమనింపదగినది.

మనిషి విశ్రాంతిగా కూర్చున్నప్పుడు గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును పంపును. పెద్దవాని దేహములోని రక్తమంతయు ఇంచుమించు అంతియే గనుక, మన నెత్తురు దాదాపు యావత్తు నిమిషమునకొకమారు ఊపిరితిత్తుల తనిఖీకి పోవుచున్నదన్నమాట. అచట 30 కోట్లకు పైబడిన వాయుకోశములు కలవు. వాని పలుచని గోడలను విప్పి పరచిన సుమారు 70 చదరపు మీటర్ల నేల కప్పబడును. గాలికిని నెత్తురుకును నడుమనుండు పొర తలవెంట్రుక మందములో నూరవ వంతు కూడ ఉండదు. ఎర్రరక్తకణము ఆ పొర ప్రక్కగా నడచి పోవుటకు పట్టు కాలము సుమారు ముప్పాతిక సెకను. ఆ లోపల అది బొగ్గుపులుసు వాయువును వదలి ప్రాణవాయువును ఎత్తుకొని పోవలయును. ఇంత సుకుమారమైన చోటికి ప్రకృతి ఏ రక్షణయు లేక గాలిని పంపదు. ముక్కులోని వెంట్రుకలు పెద్ద దుమ్మును ఆపును. శ్వాసనాళములలోని జిగట శ్లేష్మము చిన్న దుమ్మును పట్టుకొనును. శైలికలనబడు సూక్ష్మరోమములు సెకనుకు పదిమార్లకు పైగా ఊగుచు ఆ శ్లేష్మమును గొంతువైపునకు నెట్టుచుండును. అయితే 2.5 మైక్రాన్లకంటె చిన్న రేణువులు ఈ కావలివారిని తప్పించుకొని వాయుకోశముల దాక పోగలవు. పొగ యనగా ముఖ్యముగా అట్టి రేణువుల సమూహమే.

ఇక పొయ్యి సంగతి. ముసురు దినములలో తడిసిన కట్టెతో పొయ్యి రాజేయు స్త్రీని దగ్గరనుండి చూచినవారికి నేను చెప్పబోవునది తేటపడును. కందికంప, పత్తికట్టె, మొక్కజొన్న కండెలు, పిడకలు, ఏది దొరకిన అది పొయ్యిలో పెట్టి, నిప్పు అందుకొననప్పుడు ఆమె వంగి ఊదుగొట్టమును నోట పెట్టుకొని, రొమ్ములోని గాలినంతయు అందులోనికి ఊదును. అంత దీర్ఘముగా గాలి వదలినవారు అంత దీర్ఘముగానే మరల పీల్చుకొనక తప్పదు. ఆ పీల్పు జరుగునది పొయ్యికి మూరెడు దూరమున, పొగ మిక్కిలి దట్టముగా నున్న చోట, పొగ మిక్కిలి దట్టముగా నున్న క్షణమున. పూటపూటకు ఇది ఎన్నిమార్లు జరుగునో, అట్టి పూటలు ఒక్క జీవితములో ఎన్ని యుండునో పాఠకులే ఊహింపవచ్చును. ఆమె చంకలోని బిడ్డయు ఆ గాలినే పీల్చును; వంటింటి పొగ వలన పసిపిల్లలకు న్యుమోనియా వచ్చు అవకాశము ఇంచుమించు రెట్టింపగునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. 2020లో ఇండ్లలోని పొగ కారణముగా ప్రపంచమున 32 లక్షలమంది మరణించిరని ఆ సంస్థ అంచనా.

చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్యకళాశాల పరిశోధకులు ఉమ్మడి ఆంధ్రప్రదేశములోని పల్లెలలో ఇంటింటికి యంత్రములను గొనిపోయి వంటింటి గాలిలోని ధూళిని కొలచి, 2004లో ఫలితములను ప్రకటించిరి. కట్టెలతో వండు ఇండ్లలోని ధూళి, గ్యాసుతో వండు ఇండ్లలోని దానికంటె ఎన్నో రెట్లు అధికమని తేలుట ఆశ్చర్యము కాదు. వంటచేయు ఆమెతోపాటు, ఆ సమయమున ఇంటనుండు పిల్లలు, వృద్ధులు, రోగులు కూడ ఆ ధూళిని గణనీయముగా పీల్చుచున్నారని తేలుటయే గమనింపదగిన విషయము. పొగ గోడలను లెక్కచేయదు. చూరు నల్లబడిన ఇంట నిద్రించువారి ఊపిరితిత్తులు తెల్లగా ఉండునని ఆశించుట వ్యర్థము.

ఈ రేణువులు వాయుకోశములను చేరినంతనే భక్షకకణములనబడు రక్షకభటులు వానిని మ్రింగబోవును. మ్రింగలేనివి, జీర్ణింపలేనివి దినదినము వచ్చిపడుచుండగా ఆ కణములు వెలువరించు తీక్ష్ణరసములు వాయుకోశముల గోడలనే కరగించును, శ్వాసనాళికలు వాచి ఇరుకగును, శైలికలు చచ్చుపడును, కదలని కళ్ళె నాళములలో నిలిచిపోవును. తెల్లవారగనే వచ్చు దగ్గు, దగ్గినకొలది తెగని కళ్ళె, మెట్టెక్కిన ఆయాసము, రొమ్ములో పిల్లికూతలు— ఇవి ఆ వినాశమునకు బయటి గుర్తులు. వైద్యులు దీనిని దీర్ఘకాలిక శ్వాసావరోధమందురు. ఆసుపత్రి చీట్లపై సీఓపీడీ అని కనబడునది ఇదియే. “పుట్టిన కాడినుంచి ఈ పొగలోనే ఉన్నామయ్యా, ఇప్పుడు కొత్తగా ఏమొచ్చింది?” అని ఆ తల్లి అనును. “వయసు పైబడింది, ఆయాసం రాదా మరి?” అని కొడుకు అనును. ఇద్దరును అబద్ధమాడుటలేదు, ఇద్దరును జబ్బును జబ్బుగా గుర్తించుటలేదు. ఆ గుర్తింపబడని కాలమే జబ్బునకు పెట్టుబడి.

ఇక్కడినుండి గుండెకథ మొదలగును. ఊపిరితిత్తులలో ఏ భాగమునకు గాలి సరిగా అందదో, ఆ భాగపు రక్తనాళములు తమంతట తాము ముడుచుకొని, నెత్తురును గాలి బాగుగా ఆడు భాగమునకు మళ్ళించును. ఇది ఆరోగ్యవంతునిలో అద్భుతమైన పొదుపు. కాని ఊపిరితిత్తి యంతయు చెడినప్పుడు నాళములన్నియు ఒక్కుమ్మడిగా ముడుచుకొనును; ఇక నెత్తురు ఎటు మళ్ళవలయును? దిగువ తూములన్నియు పూడిపోయిన కాలువలో నీరు గట్లపైకి పొంగినట్లు, వెనుకనున్న పుపుసధమనిలో ఒత్తిడి పెరుగును. ఎడమ జఠరిక 120 మిల్లీమీటర్ల పాదరసపు ఒత్తిడికి సిద్ధపడిన దళసరి గోడ గలది. కుడి జఠరికకు మాత్రము ప్రకృతి యిచ్చినది 25 మిల్లీమీటర్ల మాత్రపు పని, దానికి తగిన పలుచని గోడ. అట్టి దానిపై రెట్టింపు, మూడింతల ఒత్తిడి ఏండ్లకొలది పడగా అది మొదట కండపట్టును, తరువాత సాగును, తుదకు ఓడిపోవును. అప్పుడు దేహమునుండి తిరిగి వచ్చు రక్తము లోనికి పోజాలక వెనుక నిలిచిపోవును. మెడసిరలు ఉబ్బి కనబడును, కాలేయము పెరిగి కడుపు బరువెక్కును, సాయంకాలమగుసరికి పాదములు నీరుపట్టును. చీలమండపై బొటనవ్రేలితో కొంతసేపు నొక్కి తీసిన, ఆ వ్రేలిగుంట వెంటనే పూడక అట్లే నిలిచియుండును. కాళ్ళవాపని పసుపు పట్టువేయు ఇంటివారికి, దాని మూలము పొయ్యి దగ్గర ఉన్నదని ఎట్లు తోచును? పద్మావతిగారికి తోచినది. అందుకే ఆ వ్యాసము నాకు పూజ్యము.

పొయ్యి పొగకును చుట్టపొగకును ఊపిరితిత్తి భేదమెరుగదు. కన్యాశుల్కములో గిరీశము చుట్ట మహిమను వర్ణించుచు పద్యము చదువగా తెలుగువారు నూరేండ్లకు పైగా నవ్వుచున్నారు. ఆ నవ్వు వెనుక, చుట్టను మన నాగరకతలో భాగముగా అంగీకరించిన ఒక సమాజమున్నది. గోదావరి లంకలలో పండు పొగాకు ఆ ప్రాంతమునకు పేరు. గుంటూరు పొగాకు ఆ జిల్లాకు ఐశ్వర్యము. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల పల్లెలలో స్త్రీలు నిప్పంటిన కొనను నోటిలోపలకు పెట్టి కాల్చు అడ్డపొగ అను అలవాటు కలదు. దానివలన నోటి పైకప్పు పుండై పుట్టకురుపు వచ్చునని లోకమంతటి వైద్యశాస్త్రములో నమోదై యున్నది. ఇట్టి అలవాట్లను పరిహసించుటవలన ఎవరికిని మేలు జరుగదు. చేపలపట్టున, పొలముపట్టున చల్లగాలిలో, వానలో పనిచేయు వారికి ఆ నిప్పు ఒక తోడై యుండెననుట నిజము. అయినను ఆ తోడు తీసికొను జీతము ఎంతో చెప్పవలసిన బాధ్యత వ్రాయువారిది.

ఆ జీతమును లెక్కకట్టినవారు రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను ఇద్దరు ఆంగ్లేయులు. ఊపిరితిత్తుల పుట్టకురుపు ఎందుకు పెరుగుచున్నదో తెలిసికొనుటకు లండను ఆసుపత్రులలోని రోగులను ప్రశ్నించుచు పోగా, కారణము సిగరెట్టని తేలుచుండుట చూచి, డాల్ తన పరిశోధన ముగియకమునుపే 1949లో పొగత్రాగుట మానివేసెను. 1950లో ఆ వ్యాసము వెలువడిన మరుసటి సంవత్సరము వారు బ్రిటన్‌లోని వైద్యులకందరకు ఉత్తరములు వ్రాసి, మీ అలవాటేమని యడిగిరి. సుమారు 40,000 మంది ప్రత్యుత్తరమిచ్చిరి. వారి జీవనమరణములను అర్ధశతాబ్దము పాటు గమనించి, 2004లో ప్రకటించిన ఫలితము ఇది: జీవితమంతయు సిగరెట్టు త్రాగినవారు, త్రాగనివారికంటె సగటున పదేండ్లు ముందుగా మరణించుచున్నారు. 60వ యేట మానినవారికి ఆ పదేండ్లలో మూడేండ్లు, 50వ యేట మానినవారికి ఆరేండ్లు, 40వ యేట మానినవారికి తొమ్మిదేండ్లు తిరిగి దక్కినవి. 30వ యేట మానినవారికి దాదాపు అంతయు దక్కినది. ఇంత సూటిగా ధర పలుకు ఔషధము ఏ అంగడిలోనైన ఉన్నదా?

పొగాకు అనగానే ఊపిరితిత్తులను తలచుకొందుము గాని, అది చంపువారిలో చాలమందిని గుండెద్వారమున, మెదడుద్వారమున చంపును. పొగలోని కార్బన్ మోనాక్సైడు, ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లు మించిన పట్టుతో హీమోగ్లోబిన్‌ను అంటుకొనును. కావున గుండె ఎంత రక్తము పంపినను ఆ రక్తములో కొంత ఖాళీ చేతులతో పోవును. ధమనుల లోపలి పొర గాయపడును, కొలెస్టరాల్ ఆ గాయములలో చేరును, రక్తము గడ్డకట్టు స్వభావము పెరుగును. పొయ్యిపొగయు, నగరముల వాహనధూమమును ఇదే పని కొంత నెమ్మదిగా చేయును. 1952 డిసెంబరు 5 మొదలు 9 వరకు లండను నగరమును బొగ్గుపొగమంచు కప్పివేయగా తొలి లెక్కలలోనే సుమారు 4,000 మంది చనిపోయిరి. వారిలో శ్వాసరోగులతోపాటు హృద్రోగులును ఉండిరి. పొగ దగ్గునే పుట్టించుననుకొనుట తీరని పొరపాటు.

ధమనుల వ్యాధికి మాత్రము పొగ యొక్కటియే కర్త కాదు. 1945 ఏప్రిల్ 12వ తేదీన అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు మెదడులో నరము చిట్లి మరణించునప్పటికి ఆయన రక్తపోటు 300/190. అంతకు ఏడాది ముందే 186/108 ఉన్నట్లు వైద్యులెరుగుదురు. వయస్సుతోపాటు రక్తపోటు పెరుగుట సహజమనియు, ముదిరిన నాళములలోనికి నెత్తురును నెట్టుటకు అది అవసరమే ననియు నమ్మిన కాలమది. లోకములోని అత్యున్నత వైద్యము అందుబాటులోనున్న మనిషికి సయితము ఆ నమ్మకము ప్రాణాంతకమాయెను. ఆ మృతి గడచిన మూడేండ్లకు, 1948లో, మసాచుసెట్స్ రాష్ట్రమునందలి ఫ్రేమింగ్‌హాం అను చిన్న పట్టణమున 30 మొదలు 62 ఏండ్ల నడుమనున్న 5,209 మంది స్త్రీపురుషులను చేర్చుకొని, రెండేండ్లకొకమారు పరీక్షించుచు, ఎవరికి ఏ జబ్బు ఎప్పుడు వచ్చునో ఓపికతో చూచుట ఆరంభించిరి. రక్తపోటు, కొలెస్టరాల్, పొగాకు, మధుమేహము— ఇవి గుండెపోటునకు, పక్షవాతమునకు ముందుగా త్రోవవేయునవని నేడు ఊరి ఆరోగ్యకేంద్రములో నర్సమ్మ చెప్పుమాటకు మూలము ఆ పట్టణప్రజల సహనమే.

రక్తపోటు నొప్పి పుట్టింపదు. అందుచేత అది ఉన్నదని కొలచిననే తెలియును. దానిని పెంచువానిలో మన ఇండ్లకు మిక్కిలి సన్నిహితమైనది ఉప్పు. దేహములో ఉప్పు హెచ్చినప్పుడు దానిని పలుచన చేయుటకు నీరు నిలుచును, రక్తపు పరిమాణము పెరుగును, మూత్రపిండములు ఆ ఉప్పును బయటకు నెట్టుటకు అధికమైన ఒత్తిడిని కోరును. దినమునకు 5 గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు, తక్కువగా ఉప్పు తినవలయునని ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా. మన దేశస్థులు సగటున తినునది దానికి సుమారు రెట్టింపు. తెలుగువాని పళ్ళెములో ఆ రెట్టింపు ఎక్కడనుండి వచ్చునో వెదకనక్కరలేదు. ఉడుకునప్పుడు అన్నములో ఉప్పు వేయని మనము, కలుపుకొనునప్పుడు ఆవకాయతో, మాగాయతో, గోంగూరతో, పెరుగన్నములో ఊరమిరపకాయతో, ప్రక్కన అప్పడముతో దానికి బదులు తీర్చుకొందుము. ఊరగాయ నిలువయుండుటకు ఉప్పే ఆధారము గనుక దానిలో తగ్గించుటకు వీలు స్వల్పము; తగ్గింపవలసినది ముద్దకు ముద్దకు దానిని కలుపుకొను పరిమాణము. ఆవకాయను మానుమని తెలుగువారితో చెప్పు సాహసము నాకు లేదు, అవసరమును లేదు. మొదటి రెండు ముద్దలకు దానిని పరిమితము చేసి, తరువాతి అన్నమును పప్పుతో, ఆకుకూరతో, మజ్జిగతో ముగించినయెడల రుచియు మిగులును, లెక్కయు దారికి వచ్చును. ఉప్పు తగ్గించిన కొన్ని వారములకు నాలుక ఆ తగ్గుదలకు అలవాటుపడును. అయితే ఇంటిలో ఒక్కరికి రక్తపోటున్నదని ఒక్కరికే చప్పిడి వండుట మన ఇండ్లలో పది దినములు సాగదు. పదకొండవనాడు ఆ రోగి అందరి కూరయే తినును. తగ్గించిన అందరి కూరలోను తగ్గింపవలయును.

దేహవ్యాయామమును గూర్చి ఒక్క కథ చాలును. జెరెమీ మోరిస్ అను వైద్యుడు లండను నగరపు రెండంతస్తుల బస్సులలోని డ్రైవర్లను, కండక్టర్లను పోల్చి చూచెను. ఇద్దరిది ఒకే బస్సు, ఇంచుమించు ఒకే జీతము, ఒకే తరగతి బ్రతుకు. డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు టిక్కెట్లకొరకు దినమునకు 500 నుండి 750 మెట్లు ఎక్కుచుండును. గుండెజబ్బు కండక్టర్లకు తక్కువగా వచ్చుచున్నదనియు, వచ్చినను తొలిపోటుకే మరణించుట వారిలో తక్కువ యనియు 1953లో ఆయన ప్రకటించెను. డ్రైవర్లు ఉద్యోగములో చేరునప్పుడే స్థూలకాయులేమో అను సందేహము మోరిస్‌కే కలిగి, సంస్థవారు కుట్టించి యిచ్చు యూనిఫారముల నడుము కొలతలను తెప్పించి పరీక్షించెను. డ్రైవర్ల నడుములు నిజముగానే పెద్దవి. తన సిద్ధాంతమునకు అడ్డువచ్చు ప్రశ్నను తానే వెదకుకొని 1956లో తానే ప్రకటించిన ఆ నిజాయితీ వలననే ఆయన మాటకు విలువ నిలిచినది. తరువాతి పరిశోధనలు నడకకు ఆ గౌరవమును స్థిరపరచినవి. వారమునకు 150 నిమిషముల చురుకైన నడక పెద్దలకు కనీసమని నేటి నియమము.

ఇంతవరకు చెప్పినది జబ్బు రాకుండుటను గూర్చి. వచ్చినవారి మాట? ఏటేట మృగశిర కార్తెనాడు హైదరాబాదులో చేపమందుకొరకు వేలాదిగా జనము బారులుతీరి నిలుచుందురు. ఉబ్బసమును అది నయము చేయునని శాస్త్రీయముగా నిరూపింపబడలేదు. అయినను ఆ బారులలో నిలుచున్నవారి బాధ నిరూపణ అక్కరలేని నిజము. వారికి చేతులు జోడించి చెప్పవలసినది ఒక్కటే: ఏ మందు మ్రింగినను, వైద్యుడిచ్చిన ఇన్‌హేలరును మాత్రము ప్రక్కన పెట్టకుడు. ఇన్‌హేలరు అలవాటుపడు మత్తు కాదు, కడపటి దశకు దాచుకొను ఆయుధము కాదు. మాత్రగా మ్రింగిన మందు దేహమంతయు తిరుగగా, పీల్చిన మందు అందులో అత్యల్పభాగముతో కావలసిన చోటికే పోయి శ్వాసనాళముల వాపును తగ్గించును. ఉబ్బసము మందుతో చాలమందిలో పూర్తిగా అదుపునకు వచ్చును. పొగవలన వచ్చిన శ్వాసావరోధములో మాత్రము పోయిన వాయుకోశములు తిరిగి రావు. ముప్పదేండ్లు దాటిన ఎవరికైనను ఊపిరి బలము ఏటికి సుమారు 30 మిల్లీలీటర్ల చొప్పున తగ్గును. పొగకు లోబడి చెడుచున్న ఊపిరితిత్తులలో అది రెట్టింపు, అంతకుమించిన వేగముతో తగ్గును. పొగ మానిన, ఆ వేగము తిరిగి ఆరోగ్యవంతుని వేగమునకు దగ్గరపడును. ఆయాసమున్నవారు కదలరాదనుకొనుట కూడ సరికాదు. వైద్యుని సలహాతో నెమ్మదిగా నడకను పెంచినవారికి, అదే ఊపిరితిత్తులతోనే, ఆయాసము తగ్గుచున్నది. ఏలయన బలపడిన కాలికండలు తక్కువ ప్రాణవాయువుతో ఎక్కువ పని చేయగలవు.

ప్రభుత్వములు చేసినది కొంత కలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో దీపము పథకము, దేశమంతట 2016లో ఉజ్జ్వల పథకము పేదయిండ్లకు గ్యాసును తెచ్చినవి. 2022 జనవరి నుండి నూనెలలోను వనస్పతిలోను ధమనులకు మిక్కిలి చేటుచేయు ట్రాన్స్ కొవ్వు నూటికి 2 పాళ్ళకు మించరాదను నియమము అమలులోనికి వచ్చినది. కాని సిలిండరు ఇంటికి వచ్చుట వేరు, పొయ్యి ఆరుట వేరు. ఖర్చుకు వెరచి గ్యాసును టీకిని కూరకును మాత్రము వాడి, అన్నమునకు, స్నానపు నీళ్ళ కాగునకు, పశువుల కుడితికి కట్టెలనే రాజేయు ఇండ్లు నేటికిని కోకొల్లలు. పొగను సగము తగ్గించినంత మాత్రమున హాని సగము తగ్గదు. ధూళివలని హాని తొలి మెట్లలోనే వేగముగా పెరుగునట్టిది గనుక, దాదాపు యావత్తు తొలగించినప్పుడే ఫలము కనబడును. ఇంటి ఆదాయములో సిలిండరు ఖర్చును ఎవరు నిర్ణయింతురో, కట్టెపొయ్యి ముందు ఎవరు కూర్చుందురో చూచినయెడల, ఆ నిర్ణయము చేయువారును ఆ పొగ పీల్చువారును తరచు ఒక్కరు కారు. పేదరికమువలన తప్పనిసరియైన ఇండ్లున్నవి. వారిని నిందించుట అన్యాయము, వారికి సిలిండరు అందుబాటు ధరకు దొరకునట్లు చేయుట ప్రభుత్వ ధర్మము. స్తోమతయుండియు అలవాటుచేత పొయ్యి మార్చని ఇండ్లును ఉన్నవి. ఈ మాట ముఖ్యముగా వారికి.

కావున చదువరులకు నా మనవి. మీ ఇంటిలోనో, మీరు పండుగకు పోవు పల్లెటింటిలోనో కట్టెల పొయ్యి దగ్గర వయస్సు వెళ్ళబుచ్చిన తల్లిగాని, అత్తగాని, మేనత్తగాని ఉండి, తెల్లవారుజామున దగ్గుచు, నాలుగడుగులకు నిలిచి ఊపిరి తీసికొనుచున్నయెడల, ముసలితనమని ఊరకుండకుడు. ఈ నెలలోనే ఆమెను శ్వాసపరీక్ష చేయు ఆసుపత్రికి తీసికొనిపోయి, గొట్టములోనికి ఊదించు స్పైరోమెట్రీ చేయింపుడు; రక్తపోటు చూపింపుడు; పాదములలో వాపున్న ఆ సంగతి వైద్యునకు విడిగా చెప్పుడు. ‘పొగత్రాగు అలవాటున్నదా?’ అని వైద్యుడడిగినప్పుడు, లేదని ఊరకొనక, ఆమె ఎన్నేండ్లు కట్టెల పొయ్యిమీద వండినదో కూడ చెప్పుడు.